లారీ చక్రం నుంచి ఏటి అడుగు దాకా: వంతెన మీది బరువును వెంబడించే పద్ధతి

చీమకుర్తి క్వారీలో గ్రానైటు దిమ్మ ఎత్తుకున్న లారీ కృష్ణపట్నం రేవుకు చేరాలంటే దారిలో మూసి, పాలేరు, మన్నేరు దాటాలి. చివరికి నెల్లూరు దగ్గర పెన్న దాటాలి. మూసి అంటే హైదరాబాదుది కాదు, ప్రకాశం జిల్లాకు వేరే మూసి ఉంది. ఆ దిమ్మ 2.6 మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 1.8 ఎత్తు అనుకోండి. ఘనమీటరుకు ఇంచుమించు 3 టన్నులు తూగే రాయి అది. లెక్క వేస్తే 25 టన్నులు, లారీ సొంత బరువు కలిపితే 40.

ఈ 40 టన్నులు వంతెన ఎక్కాక ఎటు పోతాయి? 'వంతెన మోస్తుంది' అని మనం తేలిగ్గా అనేస్తాం. నిజానికి మోసేది నేల. వంతెన పని ఆ బరువును ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందిస్తూ నేల దాకా దించడమే. సైటు పనుల్లో ఏళ్ల తరబడి తిరిగాక నాకు అర్థమైంది ఏమిటంటే, వంతెనలు నడిమధ్యన చెడేది తక్కువ, బరువు చేతులు మారే చోట చెడేది ఎక్కువ. అందుకే ఈ పద్ధతంతా ఆ చేతులు మారే చోట్లను వరసగా పట్టుకోవడం గురించే.

ముందు సరంజామా

ఒక టేపు, సుద్దముక్క, చిన్న డబ్బా పెయింటు, లెక్కలు వేయడానికి ఫోను ఉంటే చాలు. వెళ్లాల్సింది ఫిబ్రవరి నుంచి మే లోపు, ఏరు ఎండి ఉన్నప్పుడు. పెన్న అయితే సోమశిల నుంచి నీళ్లు వదులుతున్నారేమో కనుక్కోకుండా ఇసుకలో దిగొద్దు. రైలు వంతెనల జోలికి అసలు పోవద్దు, ఊరి పక్క వాగు మీద రోడ్డు వంతెన ఉంటుంది కదా, దాంతో మొదలుపెట్టండి.

మొదటి అడుగు: కింద నిలబడి తల ఎత్తి చూడండి

పైనుంచి చూస్తే వంతెన కూడా రోడ్డులాగే ఉంటుంది. కిందికి దిగితేనే దాని ఎముకలు కనిపిస్తాయి. మొదట కంతలు లెక్కపెట్టండి. రెండు స్తంభాల మధ్య ఖాళీని మావైపు పెద్దవాళ్లు కంత అంటారు, ఇంజనీర్లు స్పాన్ అంటారు. తర్వాత పైకప్పు అడుగు చూడండి. పాత మిద్దె ఇల్లు ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. మిద్దె మట్టి బరువు దంతెల మీదికి, దంతెల నుంచి దూలాల మీదికి, దూలాల నుంచి స్తంభాలకో గోడకో, అక్కణ్నుంచి పునాదికి దిగుతుంది. వంతెనలోనూ అదే వరస: రోడ్డు కింద స్లాబు, స్లాబు కింద పొడుగ్గా గర్డర్లు, గర్డర్ల కింద బేరింగులు, వాటి కింద స్తంభం నెత్తిన టోపీలా ఉండే పియర్ క్యాప్, పియర్ అనే స్తంభం, పునాది. గర్డర్లను అడ్డంగా కలుపుతూ ఇంకొన్ని దూలాలు కనిపిస్తాయి, అవి క్రాస్ గర్డర్లు. వాటి సంగతి కాసేపట్లో.

మీకు దొరికింది పాతకాలపు ఇటుక ఆర్చి కల్వర్టు అయితే ఈ లెక్కలు చాలామటుకు పనికిరావు. ఆర్చి బరువును కిందికి దించడంతోపాటు రెండు చివరలనూ పక్కకు తోస్తుంది. ఎంత చదునుగా ఉంటే అంత గట్టిగా తోస్తుంది. అందుకే వాటి పక్క గోడలు అంత దిట్టంగా ఉంటాయి. అక్కడ చూడాల్సింది ఆ గోడలు కదిలాయా, ఆర్చి నెత్తిన చీలిక వచ్చిందా అని.

రెండో అడుగు: లారీ కంటే ముందు వంతెననే తూచండి

చాలామంది ఇది మర్చిపోతారు. ఒక మామూలు వంతెన అనుకుందాం: కంత 20 మీటర్లు, పైకప్పు వెడల్పు 10 మీటర్లు, స్లాబు మందం 20 సెంటీమీటర్లు, 2.5 మీటర్ల ఎడంతో నాలుగు గర్డర్లు. కాంక్రీటు ఘనమీటరుకు 2.5 టన్నులు. స్లాబు 40 ఘనమీటర్లు, అంటే 100 టన్నులు. నాలుగు గర్డర్లు కలిపి 90. క్రాస్ గర్డర్లు 10. పక్క గట్లు, రెయిలింగులు 25. ఏడున్నర మీటర్ల రోడ్డు మీద 6.5 సెంటీమీటర్ల తారు వేస్తే 22. అన్నీ కలిపితే దగ్గర దగ్గర 250 టన్నులు.

40 టన్నుల లారీ పోతుంటే గుండెలు దడదడలాడతాయి గానీ, ఆ వంతెన రాత్రింబవళ్లు అంతకు ఆరింతల బరువును నిలబెట్టే ఉంది. ఇక తారు సంగతి. రోడ్డు గుంటలు పడిందని పాత తారు గీకకుండా దానిమీదే ఇంకో 5 సెంటీమీటర్లు పరిస్తే ఒక్కో కంత మీద 17 టన్నులు చేరినట్టు. ఖాళీ లారీని ఎప్పటికీ కదలకుండా వంతెన మీద నిలిపి ఉంచడం లాంటిదది. రెయిలింగు పక్క గట్టు ఎత్తు కొలిచి చూడండి. కట్టినప్పుడు మోకాలి కిందికి వచ్చిన గట్టు ఇప్పుడు చీలమండ దగ్గర ఉంటే ఎన్ని పొరలు పడ్డాయో తెలిసిపోతుంది.

మూడో అడుగు: చక్రం నుంచి గర్డరుకు

టైరు నేలను తాకేది అరచేయి, ఇంకో అరచేయి అంత మేర. తారులో, స్లాబులో దిగేకొద్దీ ఆ బరువు నాలుగువైపులా వెడల్పవుతుంది. స్లాబు దాన్ని అటూ ఇటూ ఉన్న గర్డర్లకు పంచుతుంది. ఎవరికి ఎంత?

లారీ సరిగ్గా రోడ్డు నడిమధ్యన పోతే నాలుగు గర్డర్లకూ తలా నాలుగోవంతు. కానీ మన రోడ్ల మీద లారీ ఎడమవైపు పోతుంది. నడిమి గీత నుంచి 1.25 మీటర్లు పక్కకు జరిగిందనుకోండి. క్రాస్ గర్డర్లు గట్టిగా ఉండి నాలుగూ ఒక్క పలకలా వంగితే, కూర్బాన్ పద్ధతి అనే పాత లెక్క ప్రకారం ఎడమ చివరి గర్డరుకు 40 శాతం, తర్వాతదానికి 30, ఆ పైదానికి 20, కుడి చివరిదానికి 10 శాతం పడుతుంది. కూడితే నూరు. లారీ అంగుళం జరిగినా వాటాలు మారతాయిగానీ మొత్తం మారదు.

క్రాస్ గర్డర్ల పని ఇక్కడే తెలుస్తుంది. అవి చీలిపోతే పంపకం ఆగుతుంది, లారీ ఏ గర్డరు మీద నడిస్తే దాదాపు బరువంతా దాని నెత్తినే పడుతుంది. కింద నిలబడి ఉండగా పైన బరువైన లారీ పోతుంటే గర్డర్లన్నీ కలిసి ఊగుతున్నాయా, ఒక్కటే విడిగా ఊగుతోందా చూడండి. విడిగా ఊగితే గర్డరు, క్రాస్ గర్డరు కలిసే మూల దగ్గర చీలిక వెతకండి.

నాలుగో అడుగు: గర్డరు పొడవునా

ఒంగోలు ఎద్దుల జత కాడి చూసినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. కాడి నడిమికి కట్టిన మోకును ఒక ఎద్దువైపు జరిపితే ఆ ఎద్దుకు బరువు ఎక్కువ. కుర్ర ఎద్దును కొత్తగా కాడికి కట్టినప్పుడు రైతు మోకును పాత ఎద్దువైపు జరుపుతాడు. గర్డరూ అంతే. 20 మీటర్ల కంతలో 40 టన్నులు ఎడమ కొస నుంచి 5 మీటర్ల దూరంలో ఉంటే ఎడమ స్తంభానికి 30, కుడి స్తంభానికి 10. లారీ ముందుకు పోయేకొద్దీ ఈ వాటాలు తిరగబడతాయి. లారీ సరిగ్గా స్తంభం నెత్తిన ఉన్నప్పుడు బరువంతా ఆ స్తంభానిదే. నిజం లారీ ఒక చుక్క కాదు, పది పన్నెండు మీటర్ల పొడవుంటుంది. ఇరుసులను విడివిడిగా తీసుకుని ఇదే లెక్క వేసి కూడాలి.

చివరలకు బరువు పంచడం ఒక ఎత్తు, నడుము వంగకుండా ఉండటం ఇంకో ఎత్తు. గర్డర్లను వంచే జోరును ఇక్కడ వంపు అంటున్నాను, అది బరువును, దూరాన్ని గుణిస్తే వచ్చేది. లారీ నట్టనడుమ ఉంటే వంపు 40 ఇంటూ 20 బై 4, అంటే 200 టన్ను-మీటర్లు. వంతెన సొంత బరువు వల్ల వచ్చే వంపు 250 ఇంటూ 20 బై 8, అంటే 625. కంత పొడవు రెట్టింపు చేస్తే, మీటరుకు అదే బరువు అనుకున్నా, సొంత బరువు వంపు నాలుగింతలవుతుంది. పొడవాటి కంతలకు గర్డర్లు అంత లోతుగా ఎందుకు కడతారో దీన్నిబట్టే తెలుస్తుంది.

వంగినప్పుడు గర్డరు పైభాగం నలుగుతుంది, అడుగుభాగం సాగుతుంది. నలగడానికి కాంక్రీటు గట్టిదే. సాగడంలో దాని సత్తా అందులో పదోవంతు. ఆ లోటును ఇనుప కమ్మీలు పూడుస్తాయి, అందుకే అవి అడుగున గుత్తంగా ఉంటాయి. ఇంకో ఉపాయం ఉంది. తాపీ పనిలో కూలీలు పది ఇటుకలను వరసగా పేర్చి రెండు చివరలా అరచేతులతో నొక్కి ఒక్కసారే లేపుతారు చూడండి. నడిమి ఇటుకల కింద ఏమీ లేదు, అయినా జారవు. గర్డరు లోపల ఉక్కు తీగలు లాగి బిగించి ఇదే పని చేయిస్తే అది ప్రీస్ట్రెస్డ్ గర్డరు. అలాంటి గర్డరు అడుగున అడ్డంగా చీలిక కనిపిస్తే ఆ నొక్కు సడలిందేమోనని అనుమానించాలి. మామూలు కమ్మీల గర్డరులో వెంట్రుక మందం చీలికలు పెద్ద సంగతి కాదు. తుప్పు మరకలు కారుతుంటే మాత్రం అక్కడే ఆగి ఫొటో తీసుకోండి.

ఐదో అడుగు: బేరింగు, ఎవరూ చూడని చోటు

గర్డరు వచ్చి స్తంభం మీద ఆనే చోట, పియర్ క్యాప్ మీద, నల్లటి రబ్బరు దిండు ఉంటుంది. లోపల ఉక్కు రేకులు పొరలుపొరలుగా ఉంటాయి. పాత వంతెనల్లో ఇనుప రోలర్లు ఉంటాయి. పదుల టన్నుల బరువు ఈ దిండ్ల గుండానే దిగుతుంది. దీనికి ఇంకో పని కూడా ఉంది, గర్డరును కదలనివ్వడం.

ఎండకు కాంక్రీటు పెరుగుతుంది. ఒక డిగ్రీకి పది లక్షల వంతుల్లో 12 వంతులు. వినడానికి ఏమీ లేనట్టుంటుంది. కానీ 30 మీటర్ల గర్డరు పుష్యమాసం తెల్లవారుజాము నుంచి రోహిణీ కార్తె మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే 11 మిల్లీమీటర్లు పొడవవుతుంది. ఆ 11 మిల్లీమీటర్లకు చోటు ఇవ్వకపోతే గర్డరు ఊరుకోదు, అడ్డొచ్చినదాన్ని తోస్తుంది. అందుకే కంతకూ కంతకూ మధ్య రోడ్డు మీద ఎక్స్‌పాన్షన్ జాయింటు వదులుతారు.

నేను పనిచేసిన ఒక వాగు వంతెన మీద రోడ్డు పని చేసినవాళ్లు నున్నగా ఉంటుందని ఆ జాయింట్లన్నిటినీ తారుతో కప్పేశారు. ఆ ఏడు అందరూ మెచ్చుకున్నారు, బండి కుదుపు లేదని. సందుల్లోకి ముందే దిగి ఉన్న ఇసుక, కంకర అక్కడే బిగుసుకుపోయాయి. రెండో వేసవిలో చివరి కంత వెనక ఉన్న గోడ, డర్ట్ వాల్ అంటాం, నిలువునా పగిలింది. బరువు మోయలేక కాదు, పెరిగే గర్డరుకు చోటు లేక. పగిలాక చూడటానికి వచ్చినవాళ్లలో సగంమంది లారీలనే తిట్టారు.

మీరు చూడాల్సినవి ఇవి: దిండు చదునుగా ఉందా, ఒకపక్కకు ఉబ్బి చీలిందా, అసలు చోటులోనే ఉందా, జరిగి అంచుకు వచ్చిందా. దాని చుట్టూ మట్టి, రావి మొక్క, పాత షట్టరింగు చెక్క ఉన్నాయా. రావి మొక్కను చేత్తో పీకేయొద్దు, వేరు లోపలే మిగిలిపోతుంది. ఎక్కడుందో రాసిపెట్టండి.

ఆరో అడుగు: స్తంభం, దాని కాలు

ఒక్కో స్తంభానికి ఎడమ కంతలో సగం, కుడి కంతలో సగం వస్తాయి, అంటే మన లెక్కలో ఒక కంత బరువు 250. లారీ 40. పియర్ క్యాప్, స్తంభం, పునాది దిమ్మె, దానిమీది మట్టి కలిపి ఇంకో 210 అనుకుంటే మొత్తం 500 టన్నులు. పునాది 5 మీటర్లు బై 5 మీటర్లు అయితే చదరపు మీటరుకు 20 టన్నులు. పడమటి ప్రకాశంలో గట్టి మొరం, రాయి తగిలే చోట ఇది పెద్ద లెక్క కాదు. నల్లరేగడిలోనో, సముద్రం దగ్గరి మెత్తటి బంకలోనో అయితే కుంగుతుంది, అక్కడ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు గుంజలు, దించాల్సిందే.

ఇదంతా బరువు నిట్టనిలువుగా దిగితే. కానీ లారీ బ్రేకు వేస్తే రోడ్డును ముందుకు తోస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం మొదటి వాహన వరస బరువులో 20 శాతం అడ్డంగా లెక్కకట్టాలి, మన లారీకి అది 8 టన్నులు. వరద నీరు స్తంభాన్ని తోస్తుంది. తుఫాను గాలి తోస్తుంది. భూకంపమూ లెక్కలో ఉండాలి, 1967లో ఒంగోలు ప్రాంతం కంపించిన సంగతి పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. వీటన్నిటివల్ల ఆ 500 టన్నుల దారి పునాది నడిమి నుంచి అర మీటరు పక్కకు జరిగిందనుకోండి. అప్పుడు ఒక అంచు కింద ఒత్తిడి 32కు ఎక్కుతుంది, ఎదుటి అంచు కింద 8కి పడుతుంది. 83 సెంటీమీటర్లు దాటితే ఎదుటి అంచు నేలను వదిలి లేవడం మొదలుపెడుతుంది. 5 మీటర్లలో ఆరోవంతు అది. బరువు దారి పునాది నడిమి మూడోవంతులోనే ఉండాలని మేస్త్రీల కాలం నుంచి చెప్పే మాటకు అర్థం ఇదే.

వరదలో ఇంకో తిరకాసు. మునిగిన కాంక్రీటును నీళ్లు పైకి లేపుతాయి, ఘనమీటరుకు 2.5 టన్నులు తూగేది 1.5 తూగుతుంది. పక్క తోపు పెరిగిన సమయంలోనే స్తంభం తేలికవుతుందన్నమాట.

ఏడో అడుగు: రెండు కొసలు

కొసల్లో ఉండే అబట్‌మెంటు గోడ చివరి కంతలో సగం బరువు మోస్తుంది, వెనక ఉన్న అప్రోచ్ కట్ట, అంటే రోడ్డును వంతెన మీదికి ఎక్కించే కట్ట, మట్టి తోపును కూడా ఆపుతుంది. గోడకు నీరు కారే రంధ్రాలు ఉంటాయి. అవి పూడిపోతే వెనక నీళ్లు నిలిచి తోపు పెరుగుతుంది. పుల్ల పెట్టి చూడండి చాలు.

వంతెన బాగానే ఉండి కట్ట పోవడం మనం కళ్లారా చూసినదే. 2021 నవంబరు వరదలో నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి, చెన్నై–విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి.

ఎనిమిదో అడుగు: ఇసుక కింద ఏముంది

పెన్న లాంటి ఇసుక ఏట్లో స్తంభాన్ని ఇసుక మీద నిలబెట్టలేం. లోతుకు దిగాలి. బావి పునాది దానికోసమే. ఇసుక నేలల్లో బావికి సిమెంటు ఒరలు దించడం చూసే ఉంటారు. ఒరను నేలమీద పెట్టి, లోపల మనిషి దిగి ఇసుక తోడుతుంటే ఒర తన బరువుతో తానే దిగుతుంది, పైన ఇంకో ఒర పెడతారు. వంతెన బావీ అదే తంతు, కాకపోతే ఒర మీటర్ల వెడల్పు ఉంటుంది, క్రేను బకెట్టుతో తోడతారు. చాలినంత లోతు దిగాక అడుగున కాంక్రీటు వేసి, లోపల ఇసుక నింపి, పైన మూత వేసి, దానిమీద స్తంభం లేపుతారు. ఒకపక్క ఎక్కువ తోడితే బావి ఒరుగుతుంది. 80కి 1 కంటే ఎక్కువ ఒరగకూడదనీ, ఉండాల్సిన చోటు నుంచి 150 మిల్లీమీటర్లకు మించి జరగకూడదనీ నిబంధన. ఒరిగిన బావిని నిటారు చేయడానికి పట్టే రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

'చాలినంత లోతు' ఎంత? వరదలో ఏటి అడుగు స్థిరంగా ఉండదు. స్తంభానికి తగిలి సుడి తిరిగే నీరు ఇసుకను తవ్వేస్తుంది, వరద తగ్గాక గుంట మళ్లీ పూడుతుంది. కాబట్టి ఎండాకాలంలో చూసి ఏమీ జరగలేదనుకుంటాం. లెక్కకు లేసీ సూత్రం ఉంది. వరదలో ఏటి వెడల్పు మీటరుకు సెకనుకు ఎన్ని ఘనమీటర్ల నీరు పోతుందో తీసుకోండి, 10 అనుకుందాం. దాన్ని దానితోనే గుణించండి, 100. ఇసుక రేణువు 0.32 మిల్లీమీటర్లుంటే దాని గుణకం 1, భాగించినా 100. దీని ఘనమూలం 4.64. 1.34తో గుణిస్తే 6.2 మీటర్లు. స్తంభం దగ్గర దీనికి రెండింతలు, 12.4. ఇది కొలవాల్సింది ఏటి అడుగు నుంచి కాదు, వరద అత్యధిక మట్టం నుంచి. ఆ కోత కింద కూడా పట్టు ఉండాలి కాబట్టి ఇంకో మూడోవంతు కలుపుతారు. మొత్తం 16.5 మీటర్లు.

ఇప్పుడు వంతెన పక్కన ఇసుక తోడారనుకోండి. వంతెనల దగ్గర తవ్వకూడదని నిబంధన ఉంది, ఎంత అమలవుతుందో ఏటిగట్టు మీద ఊళ్లవాళ్లను అడగండి. గుంట పడ్డ చోటికి వరద నీరు పోగవుతుంది. మీటరుకు 10 పోయేది 15 అయితే పై లెక్క మళ్లీ వేయండి: 225 ఘనమూలం 6.08, ఇంటూ 1.34 అంటే 8.15, రెండింతలు 16.3. బావి అడుగు 16.5 మీటర్ల దగ్గర ఉంది. నాలుగు మీటర్ల పట్టు ఒక్క వరదలో 20 సెంటీమీటర్లయింది. గర్డర్లు బాగున్నాయి, బేరింగులు బాగున్నాయి, లారీ బరువు కూడా పెరగలేదు. అదే 2021 నవంబరులో కడప జిల్లా కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన వరదలోనే కూలింది.

అందుకే తెచ్చుకున్న పెయింటు ఇక్కడ వాడాలి. ప్రతి స్తంభం మీద ఇప్పటి ఇసుక మట్టం దగ్గర ఒక గీత గీసి తేదీ రాయండి. అక్కణ్నుంచి పియర్ క్యాప్ అడుగుదాకా టేపుతో కొలిచి నోటులో రాసుకోండి. కార్తీకం వెళ్లి నీళ్లు తీశాక మళ్లీ వచ్చి కొలవండి. ఒక్క స్తంభం దగ్గరే గీత గాల్లో తేలి ఉంటే, లేదా బావి మూత బయటపడి ఉంటే, ఫొటో, రెండు తేదీల కొలతలు కలిపి ఆ రోడ్డు ఎవరి కిందికి వస్తుందో వాళ్లకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రాష్ట్ర రోడ్డయితే ఆర్ అండ్ బి, పల్లె రోడ్డయితే పంచాయతీరాజ్, 16వ నంబరు హైవే అయితే జాతీయ రహదారుల సంస్థ.